పద్దు ఎవరు చదవాలి?

తెల్లాపూర్ రైల్వేస్టేషన్ నుంచి ఊళ్ళోకి నడిచివచ్చే దారిలో ఒక మలుపు దగ్గర ఇనుప స్తంభం ఉంది. దాని మీద మూడు కెమెరాలు మూడువైపులా చూస్తుంటాయి. కింద తుప్పుపట్టిన రేకు మీద ‘నేను సైతం’ అని రెండు మాటలు. ఆ మాటలు ఎవరివో ఈ పత్రిక పాఠకులకి చెప్పాల్సిన పనిలేదు. 1933లో శ్రీశ్రీ కవితలో పుట్టిన మాటలు, ఎనభై ఏళ్ళు గడిచాక పోలీసు శాఖ పథకానికి పేరయినాయి. వీధివాళ్ళు చందాలు వేసుకుని కెమెరాలు కొనాలి, వాటిని పోలీసు వ్యవస్థకి కలపాలి, అదీ పథకం. అదే రోజుల్లో, 2013లో, ఉమ్మడి రాష్ట్ర శాసనసభ చేసిన ప్రజాభద్రతా చట్టం వందమంది గుమికూడే చోట్లన్నిటా కెమెరాలు తప్పనిసరి చేసింది. చట్టం బెత్తం పట్టుకుంటే పథకం బుజ్జగించింది. బుజ్జగించడానికి కవిత్వం కావలసి వచ్చింది.

ఆ కవితని తరగతిలో పైకి చదివి, సాయంత్రం ఆ స్తంభం కిందుగా ఇంటికి నడిచిన రోజులు నాకు చాలా ఉన్నాయి. ప్రతిసారీ నవ్వుకుని ఊరుకున్నాను. అది విమర్శకుడు చెయ్యాల్సిన పని కాదని ఆలస్యంగా తెలిసింది. తెలియడానికి కారణం ఒక కథ.

రెండేళ్ళ కిందట నా పాత విద్యార్థి ఒకడు కథ రాసి తెచ్చాడు. వాళ్ళమ్మ ఇక్కడి ముప్ఫై అంతస్తుల మేడల్లో నాలుగిళ్ళు పనిచేస్తుంది. గేటు దగ్గర ఆమె ఒక అంకె చెప్పాలి. ఫోటో, ఆధార్ నకలు, వచ్చిన వేళ, వెళ్ళిన వేళ అన్నీ ఒక యాప్‌లో ఎక్కుతాయి. ఆమె గేటు దాటగానే నాలుగిళ్ళలో నాలుగు ఫోన్లు మోగుతాయి. ఇంటివాళ్ళు ఆమెకి నక్షత్రాలు కూడా ఇస్తారు, హోటలుకి ఇచ్చినట్టు. ఒక పొద్దున ఆ అంకె పనిచెయ్యలేదు. కాపలాదారు కూడా ఊరివాడే, ఎరిగినవాడే. “సిస్టం తీస్కుంటలేదమ్మా” అన్నాడు. తప్పేమిటో ఆమెకి తెలియదు, అతనికీ తెలియదు. కథలో సగం ఇది. మిగతా సగం డిప్లమో చదివే కొడుకు ఆ నక్షత్రాల లెక్క ఎట్లా వేస్తారో తెలుసుకోవడానికి పడే పాట్లు: ఎవరిని అడిగాడు, ఎవరు ఎవరి మీదికి నెట్టారు, కంపెనీ ఏం జవాబిచ్చింది, కాపలాదారూ తనూ కలిసి కాగితం మీద ఎట్లా లెక్కవేసి చూసుకున్నారు.

నేను ఆ రెండో సగాన్ని కొట్టెయ్యమన్నాను. సాంకేతిక వివరాలు రసానికి అడ్డం వస్తాయనీ, తల్లి దుఃఖం మీద నిలబెట్టమనీ చెప్పాను. ఇరవై ఏళ్ళుగా కథలు దిద్దుతున్నవాడి ధీమాతో చెప్పాను. వాడు విన్నాడు. కథ ఒక ఆదివారం అనుబంధంలో అచ్చయింది, పాఠకులు కళ్ళు తుడుచుకున్నారు. వాడు మాత్రం నా దగ్గరకొచ్చి, “సార్, నేను రాసింది ఏడుపు గాదు, లెక్క” అన్నాడు.

ఆ మాటకి జవాబు వెతుక్కుంటూ రాస్తున్నది ఈ వ్యాసం.

మన సాహిత్యంలో లెక్క ఎప్పుడూ చిల్లర సంగతి కాదు. ‘కన్యాశుల్కం’లో అగ్నిహోత్రావధాన్లు నోరున్నవాడే, వేదం చదివినవాడే, కానీ దావా కాయితాలు ఇంగ్లీషులో ఉండేసరికి గిరీశం వంటివాడి చేతికి చిక్కుతాడు. గురజాడ దాన్ని హాస్యంగా చూపించాడు గానీ, అందులో వలసపాలన మొత్తం ఉంది. తన వ్యవహారం తనకి రాని భాషలో నడుస్తుంటే ఎంత పండితుడైనా నిరక్షరాస్యుడే. తెలంగాణలో ఆ దుస్థితి ఇంకా ముదిరింది. నిజాం కాలంలో దఫ్తరు ఉర్దూలో, రైతు తెలుగులో. నడుమ పట్వారీ. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’లో దొర పక్కన కరణం ఎందుకున్నాడో గమనించండి. దొర కొరడా శరీరం మీద పడుతుంది. కరణం కలం భూమి మీద పడుతుంది. కొరడా దెబ్బ నెలకి మానుతుంది. పహాణీలో మారిన పేరు మూడు తరాలు మానదు. వట్టికోట ఆళ్వారుస్వామి వంటివాళ్ళు నవలలు రాస్తూనే గ్రంథాలయాలు పెట్టించింది కాలక్షేపానికి కాదు. అక్షరం వచ్చినవాడు ఊళ్ళో ఒక్కడుంటే చాలు, పట్వారీ పద్దు పైకి చదివించవచ్చునని.

పటేల్ పట్వారీలు, కరణం మునసబులు 1984లో చట్టరీత్యా పోయారు. పద్దు పోలేదు. అది చేతులు మారుతూ వచ్చి ఇప్పుడు సైబర్ టవర్స్ చుట్టుపక్కల అద్దాల మేడల్లో రాస్తున్నారు. అదే ఆ రోజు నా విద్యార్థి చెప్పబోయిందీ, నేను చెప్పనియ్యందీ.

2014 ఆగస్టు 19న జరిగిన సమగ్ర కుటుంబ సర్వే పాఠకులకి గుర్తుండే ఉంటుంది. రాష్ట్రమంతా ఆ రోజు ఇంటిపట్టున కూర్చుంది. పొట్టచేతబట్టుకుని దూరాలు పోయినవాళ్ళు బస్సులెక్కి వచ్చారు, లెక్కలో లేకపోతే కొత్త రాష్ట్రంలో లేనట్టేనన్న భయంతో. ఇల్లిల్లూ తిరిగి రాసుకున్న ఉపాధ్యాయుల్లో నేనూ ఒకణ్ణి. ఒక ఇంట్లో నాకు మజ్జిగ ఇచ్చి, “జర మంచిగ రాయి సార్” అన్నారు. మంచిగానే రాశాను. నేను రాసింది ఎక్కడికి పోతుందని మాత్రం అడగలేదు.

తరవాతి సంవత్సరాల్లో ‘సమగ్ర వేదిక’ అనే కంప్యూటరు వ్యవస్థ వచ్చింది. రేషను కార్డు ఒక శాఖలో, బండి రిజిస్ట్రేషను ఇంకో శాఖలో, కరెంటు మీటరు మరో చోట ఉంటాయి గదా. వీటన్నిటిలో ఉన్న పేరూ చిరునామా పోల్చి, “ఈ మనిషీ ఆ మనిషీ ఒక్కరే” అని తేల్చడం దాని పని. 2016 నుంచి రాష్ట్రంలో దాదాపు 19 లక్షల రేషను కార్డులు రద్దయినాయి. ఇంటికి వెళ్ళి విచారించింది లేదు. చాలామందికి నోటీసు కూడా లేదు. ఎస్.క్యూ. మసూద్ వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం మీద సుప్రీంకోర్టు 2022లో ఆ కార్డులన్నిటినీ క్షేత్రస్థాయిలో మళ్ళీ పరిశీలించమని ఆదేశించింది. హైదరాబాదులో ఒక రిక్షా కార్మికుడి కుటుంబానికి బియ్యం ఆగిపోయింది. ఎందుకంటే ఆయనకి కారుందని యంత్రం తేల్చింది. కారు వేరొకరిది, పేర్లు కలిశాయి.

ఇక్కడ తెలుగు పంతులుగా ఒక మాట చెప్పే అధికారం నాకుంది. పేర్ల సంగతి నాకు తెలిసినంతగా ఆ యంత్రం రాసినవాడికి తెలియదు. హాజరుపట్టీలో ఒకే ‘లక్ష్మి’ ఇంగ్లీషులో నాలుగు రకాలుగా ఉంటుంది. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట పొడి అక్షరం. పెళ్ళయ్యాక మారుతుంది. పాతబస్తీలో ఒక వీధిలో నలుగురు సయ్యద్ అలీలు ఉండవచ్చు. మన పేర్లని పరాయి లిపిలోకి దించి, దించినదాన్ని పోల్చి, పోలికని సత్యమని నమ్మడం ఎంత సాహసమో పదోతరగతి మార్కుల పత్రాలు దిద్దించడానికి తిరిగిన ఏ తండ్రినడిగినా చెబుతాడు. పోలికకి ఎంత దగ్గరగా ఉంటే చాలని ఆ యంత్రానికి చెప్పారు? ఎవరు చెప్పారు? ఆ వాక్యం ఎక్కడో రాసి ఉంటుంది. దాన్నే సోర్సుకోడు అంటారు. అది చూపించమని సమాచార హక్కు చట్టం కింద అడిగితే, దాని మీద హక్కులు తయారుచేసిన ప్రైవేటు కంపెనీవని జవాబిచ్చారని 2024 జనవరిలో ఒక పరిశోధన కథనం బయటపెట్టింది. పట్వారీ కనీసం పద్దు తన సొంతమని అనలేదు, సర్కారుదనే అన్నాడు.

‘సమగ్ర’, ‘వేదిక’, ‘ధరణి’, ‘మీ సేవ’. పేర్లు చూడండి. ఒక్కొక్కటీ మన వ్యాసాల్లోంచి, మన సభల కరపత్రాల్లోంచి లేచిపోయినట్టుంది. పేరు తెలుగులో పెట్టి లోపలిది మూసిపెట్టడంలో ఉన్న నేర్పు గమనించదగ్గది. ప్రజల భాషలో పాలన అంటే గుమ్మం మీద తెలుగు బోర్డు అని మనమే చాలాకాలం సంతృప్తిపడ్డాం గదా.

ఈ మూతని ప్రశ్నించినవాళ్ళు లేకపోలేదు. అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ‘గ్నూ’ అనే పని ప్రకటించాడు. ప్రోగ్రాం వాడేవాడికి దాని మూలం చదివే, మార్చే, పదిమందికి పంచే హక్కు ఉండాలన్నాడు. 1989లో దానికొక లైసెన్సు రాశాడు: ఇందులోంచి తీసుకుని మార్చి పంచేవాడు తన మార్పులు కూడా తెరిచే పంచాలి. సాహిత్య విద్యార్థులకి ఇది కొత్తగా అనిపించనక్కర్లేదు. మూలప్రతి దాచేసి పాఠం మాత్రమే అచ్చువేస్తే పరిష్కర్త ఎక్కడ చెయ్యిపెట్టాడో ఎట్లా తెలుస్తుంది? పాఠాంతరాలు చూపించమని మనం పట్టుబట్టేది అందుకే.

ఇంగ్లీషులో ‘ఫ్రీ’ అన్న మాటకి రెండర్థాలుండటంతో స్టాల్‌మన్ జీవితమంతా ఆ తేడా వివరించుకుంటూనే ఉన్నాడు. తెలుగుకి ఆ ఇబ్బంది లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. 2005లో హైదరాబాదులో ఈ ఉద్యమం నడపడానికి ముందుకొచ్చినవాళ్ళు తమ సంస్థకి ‘స్వేచ్ఛ’ అని పేరు పెట్టుకున్నారు. మన సాహిత్యసంస్థల పేర్లలో కూడా ఇంత ఖచ్చితమైనవి తక్కువ. ఇంజనీరింగు కాలేజీ పిల్లల్ని పోగుచేసి కంప్యూటరులోని మాటల్ని తెలుగులోకి తెచ్చారు. ఆ అనువాదాల్లో కొన్ని నారికేళపాకంలో ఉన్నాయన్నది వేరే గొడవ. మనం ఆ పని పట్టించుకుని ఉంటే ద్రాక్షపాకంలో ఉండేవేమో.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. తెరిచిన కోడ్ అంటేనే విముక్తి అని చెప్పేవాళ్ళతో నాకు పేచీ ఉంది. 1998లో, మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన సంవత్సరమే, కాలిఫోర్నియాలో కొందరు ‘స్వేచ్ఛ’ అన్న మాట వ్యాపారస్తుల్ని భయపెడుతుందని ‘ఓపెన్ సోర్స్’ అన్న పేరు తెచ్చారు. పేరుమార్పులో దృక్పథం మారింది. హక్కుగా అడిగినది పనితీరు సౌలభ్యం అయింది. 2001లో మైక్రోసాఫ్ట్ అధిపతి లినక్సుని కేన్సరన్నాడు; 2018లో అదే కంపెనీ తెరిచిన కోడ్ నిలవచేసే గిట్‌హబ్‌ని 750 కోట్ల డాలర్లకి కొనుక్కుంది. వేలాదిమంది జీతం లేకుండా రాసినది పెట్టుబడికి ముడిసరుకయింది. ఆ గేటు యాప్ నడిచే ఫోను లోపల ఉన్నదీ లినక్సే. కాబట్టి కోడ్ తెరవడం ఒక షరతు మాత్రమే. పద్దులో పేరున్నవాడు పద్దు చదవగలగాలి, తప్పుంటే దిద్దించగలగాలి. 2020లో కరోనా వేళ వచ్చిన ‘ఆరోగ్య సేతు’ విషయం తీసుకోండి. ఏప్రిల్‌లో యాప్ వచ్చింది; గోల చేస్తే మే 26న ఫోనులో ఉండే భాగం కోడ్ తెరిచారు. సమాచారం పోయి చేరే అవతలి గట్టు అప్పుడు తెరవలేదు. సేతువుకి ఒక గట్టే చూపించారన్నమాట. ఆ అక్టోబరులో, దాన్ని ఎవరు తయారుచేశారని అడిగితే సమాచారం లేదన్నందుకు కేంద్ర సమాచార కమిషన్ అధికారులకి నోటీసులిచ్చింది.

గోప్యత విషయంలో మనవాళ్ళకి ఒక పాత అనుమానం ఉంది. అది తలుపులున్న ఇళ్ళవాళ్ళ విలువ అనీ, వ్యక్తివాదమనీ. ఒక సభలో పెద్దాయన ఒకరు నాతో, “దాచుకోవడానికి పేదవాడి దగ్గర ఏముందయ్యా?” అన్నారు. గౌరవంతోనే విభేదిస్తున్నాను. నిజాం రోజుల్లో అజ్ఞాతంలో ఉన్నవాళ్ళకి అన్నంముద్ద పట్టుకెళ్ళిన ఇల్లాలు దాచిపెట్టిందేమిటి? ఎవరింటికి ఎవరు వచ్చి వెళ్ళారన్న చిన్న సంగతి. సరిగ్గా ఆ సంగతినే ఇవాళ గేటు దగ్గర నిమిషాలతో సహా రాసుకుంటున్నారు. 2021 మేలో, లాక్‌డౌన్ వేళ, హైదరాబాదు రోడ్డు మీద మసూద్‌ని ఆపి, మాస్కు తియ్యమని పోలీసులు ఫోటో తీసుకున్నారు. ఎందుకని ఆయన అడిగాడు. ముఖాలు గుర్తుపట్టే యంత్రాల మీద ఆయన వేసిన వ్యాజ్యంలో 2022 జనవరిలో హైకోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. ఫోటోకి నిలబడ్డ వేలమందిలో అడిగినవాళ్ళు ఎంతమంది?

ఇంకొకటి. గోప్యత పేదలకి అక్కర్లేదనుకుంటే, అక్కరకొచ్చింది ఎవరికో చూడండి. 2020 అక్టోబరులో ధరణి వచ్చినప్పుడు, తన భూమి వివరాలు ఇతరులకి కనపడకుండా పెట్టుకునే వీలు పట్టాదారుకి ఇచ్చారు. తెల్లాపూర్, కొల్లూరు చుట్టుపక్కల ఎకరం ధర తెలిసినవాళ్ళకి దాని విలువ వివరించనక్కర్లేదు. బియ్యం కార్డు మనిషి మాత్రం కరెంటు మీటరు దాకా తెరిచిన పుస్తకం. సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న గోప్యత ప్రాథమిక హక్కని చెప్పింది, మంచిదే. కానీ ఆ హక్కు పేరుతోనే 2023లో చేసిన చట్టం, వ్యక్తిగత సమాచారాన్ని ప్రజాప్రయోజనం కోసం ఇవ్వవచ్చన్న మాటని సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) నుంచి తీసేసింది. కవచం ఎవరికి తొడిగారో అర్థం చేసుకోవాలి.

నా ఇంజనీరు మిత్రుడొకాయన, ఈ మేడల్లోనే ఉండే మంచి పాఠకుడు, ఈ వాదనంతా విని, “సరే మాష్టారూ, కోడ్ ఇచ్చారే అనుకోండి. ఆ పనమ్మాయి చదువుతుందా?” అన్నాడు. ఆ ప్రశ్న నన్ను రెండురోజులు నిద్రపోనివ్వలేదు. జవాబు మన ఊళ్ళల్లోనే ఉంది. 2006 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీ జరిగింది. మస్టరు రోలు గ్రామసభలో పైకి చదివేవాళ్ళు. ఫలానా తేదీన ఫలానా మనిషి చెరువుపనికి వచ్చినట్టు, ఇంత కూలి తీసుకున్నట్టు. ఆ మనిషి లేచి, “ఆ దినం నేను మా బిడ్డ ఊళ్ళె ఉన్న” అంటుంది. చదువు రాకపోయినా పద్దు తప్పని తేల్చింది. ఆమెకి కావలసింది కోడ్ నేర్పించడం కాదు. మూసి ఉన్న పద్దుని తెరిపించి, తెలుగు చేసి, పదిమందిలో చదివి వినిపించేవాడు. మూలం మూసి ఉన్నంతకాలం ఆ చదివేవాడే పుట్టలేడు. రచయిత అనేవాడు చేస్తూ వచ్చిన పనుల్లో అది ఒకటి కాదా?

మన ఐటీ కథలు ఇన్నేళ్ళుగా ఏం రాశాయి? అమెరికా కొడుకు, ఒంటరి తల్లిదండ్రులు, ఉద్యోగం ఊడిన కుర్రాడు, అమ్మేసిన పొలం మీద కాపలాదారుగా చేరిన రైతు. చివరిదాన్ని నేనే కనీసం ఆరుసార్లు మెచ్చుకున్నాను. అన్నీ నిజాలే. కానీ వీటన్నిటిలో కంప్యూటరు వానలాగా, కరువులాగా ఉంటుంది. ఎవరో రాసినదిగా ఉండదు. రాసినవాడు లేనిచోట దుఃఖం మిగులుతుంది, ప్రశ్న మిగలదు. వస్తువు కొత్తదైనా దృక్పథం విధివాదం దగ్గర ఆగిపోయింది.

మన ఇల్లు చూసుకుందాం. నేను పాతికేళ్ళుగా రాసిన వ్యాసాల్లో సగం ఇవాళ తెరుచుకోవు. అప్పట్లో డి.టి.పి. చేసే మిత్రుడి దగ్గర ఒక కంపెనీ ఫాంటులో కొట్టించాను. తెలుగుకి యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికినా మన అచ్చుపని చాలాకాలం అటు పోలేదు. ఒక్కో కంపెనీ ‘క’కి తనకి తోచిన అంకె ఇచ్చుకుంది. ఆ సాఫ్ట్‌వేర్ పోయింది, మిత్రుడి దుకాణం పోయింది, ఫైలు తెరిస్తే పిచ్చి గీతలు. నా వాక్యం తాళం ఇంకొకడి దగ్గర ఉందని నాకు తట్టలేదు. తిరుమల కృష్ణదేశికాచార్యులు ‘పోతన’ ఫాంటుని అందరికీ వదిలినప్పుడు, తరవాత గిడుగు, గురజాడ, సురవరం పేర్లతో తెరిచిన ఫాంట్లు వచ్చినప్పుడు మన పత్రికల్లో సాహిత్య వార్తగా ఒక్క ముక్క రాలేదు. గిడుగు పేరు మీద అక్షరాలు విడుదలవడం సాహిత్య వార్త కాకపోతే మరేమిటి?

పోయిన నెల ఆ విద్యార్థిని పిలిచి, పాత కథ ఉందా, కొట్టెయ్యకముందుది, అని అడిగాను. ఉండదనే అనుకున్నాను. వాడు లాప్‌టాప్ తెరిచాడు. ప్రోగ్రాములు రాసేవాళ్ళు ప్రతి మార్పునీ తేదీతో దాచుకునే పద్ధతిలో కథని కూడా దాచుకున్నాడు. తెర మీద నేను తీయించిన వాక్యాలన్నీ ఎర్రగా, వాటి స్థానంలో నేను పెట్టించినవి పచ్చగా కనిపించాయి. ప్రతి ఎరుపు గుంపు పక్కనా చిన్న గమనిక: ‘సార్ వద్దన్నారు’. లెక్కపెట్టాను, పదిహేడు చోట్ల.

“కూసోండి సార్, మూడో పేజీ కాడికెళ్ళి సదువుదాం” అని కుర్చీ జరిపాడు.